పన్నెండు బారల చేంతాడు

వాల్తేరులో సీటు వచ్చిందని ఉత్తరం అందిన రోజు మా మామ్మ అడిగిన మొదటి మాట నీళ్ళ గురించి.

"అక్కడ బావి ఎంత లోతుంటుంది?" అంది.

"బావి ఉండదు మామ్మా. హాస్టల్లో కుళాయిలు ఉంటాయట."

"కుళాయి రాని రోజున?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మా లంకలో నాలుగు బారల తాడుంటే చాలు, చేద నీటికి అందుతుంది. గోదావరి నిండుగా పారే రోజుల్లో రెండు బారలే ఎక్కువ. వాల్తేరు కొండల మీద ఉన్న ఊరని మామ్మ ఎవరి దగ్గరో విన్నది. కొండ మీద బావి తవ్వితే నీరు ఎంత అడుగున పడుతుందో తనే లెక్క వేసుకుని, మా పెరటి కొబ్బరి పీచుతో పన్నెండు బారల చేంతాడు పేనించింది. పేనడం పూర్తయ్యాక అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాచి, ఒక్కొక్క బారే కొలిచి, చివర పురి వీడకుండా ముడి వేసి, చుట్ట చుట్టి నా ముందు పెట్టింది.

అది 1985 సెప్టెంబరు. మాది కోనసీమలో గౌతమి పక్కన ఉన్న లంక ఊరు. అమలాపురంలో డిగ్రీ చదివాను. మా ఊరి నుంచి ఒక అమ్మాయి అంతకు మించి దూరం చదువుకు వెళ్ళడం అదే మొదలు. ఎం.ఎస్సీ. చదవడానికి విశాఖపట్నం వాల్తేరులో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీకి వెళుతున్నానంటే, మా వీధిలో సగం మందికి నేను ఏ దిక్కుకు వెళుతున్నానో కూడా తెలియదు. ఇంట్లో నాన్న ఒక్కరే ఎప్పుడో సింహాచలం చందనోత్సవానికి వెళ్ళి, ఆ కొండ మెట్లూ బస్సు కిటికీలోంచి కనిపించినంత సముద్రమూ చూసి వచ్చారు. అంతే. నా సామాను సర్దిన వాళ్ళలో ఎవరూ ఆ సామాను చేరబోయే గదిని చూసి ఎరుగరు. ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ గదిని మనసులో కట్టుకుని, అందులో నాకు ఏం తక్కువ కావచ్చో అది తెచ్చి పెట్టారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సామాను గురించి రాయాలనిపించడానికి కారణం అదే.

హాస్టలు వారు పంపిన కాగితంలో ఆరే ఆరు వస్తువులు ఉన్నాయి. పరుపు, దుప్పటి, బకెట్టు, మగ్గు, పళ్ళెం, తాళం. ఆ కాగితాన్ని నాన్న బిగ్గరగా చదివి వినిపించారు. అమ్మ ఆసాంతం విని, "వాళ్ళకేం తెలుసు" అని లేచి వెళ్ళింది.

అమ్మ ఊహలో వాల్తేరు చలి ప్రదేశం. కొండలు, పైగా సముద్రపు గాలి. తన పాత నేత చీరలు నాలుగు పొరలుగా వేసి, పది రోజులు మధ్యాహ్నం కునుకు మానుకుని బొంత కుట్టింది. అంచులకు తన ఆకుపచ్చ చీర బోర్డరు వేసింది. ఆ బొంత ఎంత బరువంటే, దాన్ని మడత పెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. విశాఖలో చలి ఎంత ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. సంక్రాంతి ముందు రెండు వారాలు తెల్లవారుజామున పల్చని దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. ఆ బొంతను నా దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను కప్పుకోలేదు, పరుచుకుని పడుకున్నాను.

పెట్టె అమ్మదే. పెళ్ళి సారెతో వచ్చిన ఇనుప ట్రంకు పెట్టె. ముదురు నీలం రంగు, మూత మీద వెలిసిపోయిన గులాబీ పువ్వు. లోపల ఎప్పుడూ కలరా ఉండల వాసన. అందులో ఉన్న తన పట్టుచీరలు తీసి చెక్క భోషాణంలోకి మార్చింది. పెట్టె అడుగున కొత్త వార్తాపత్రిక పరిచింది. చీరలన్నీ మార్చి, ఒక్కటి మాత్రం మళ్ళీ తెచ్చి అడుగున పత్రిక కింద పెట్టడం చూశాను. మామిడిపండు రంగు మీద ఎర్ర అంచు. "అక్కడ ఏదైనా సభకు పిలిస్తే ఏం కట్టుకుంటావు?" అంది. ఆమె మనసులో యూనివర్సిటీ అంటే రోజూ సభలు జరిగే చోటు.

తమ్ముడు పదో తరగతి. పడవకు వేయగా మిగిలిన తెల్లరంగు తెచ్చి, పెట్టె ముందు భాగాన నా పేరు, కింద 'వాల్తేరు' అని రాశాడు. తినడానికి అమ్మ పెట్టినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఆవకాయ జాడీ, మాగాయ, కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి సీసా, సున్నుండలు, జంతికల డబ్బా. ఎదురింటి వాళ్ళు పది కొబ్బరికాయలు వలిపించి తెచ్చారు. "వాల్తేరులో కొబ్బరికాయ దొరుకుతుందో లేదో" అని వాళ్ళ బెంగ. నాన్న పెట్టినవి చిన్నవి. టార్చిలైటు, నాలుగు కొవ్వొత్తులు, ఇత్తడి తాళం, పాతిక ఇన్‌లాండు ఉత్తరాలు. ఆ పాతిక ఉత్తరాల మీదా మా ఇంటి చిరునామా ఆయన చేత్తోనే ముందే రాసి ఉంది. "చదువుకునే పిల్లవి, చిరునామా రాయడానికి కూడా తీరిక ఉండకపోవచ్చు" అన్నారు.

మూడున్నరకు లేచి బయలుదేరాం. ఎద్దుబండి మీద లాంతరు వెలుగులో ఏటిగట్టు వెంట ముక్తేశ్వరం రేవుకు. మామ్మ బండి దాకా వచ్చి, చేంతాడు పెట్టెలో ఉందా అని నాన్నను రెండుసార్లు అడిగింది. పెట్టెలో పట్టలేదు, పరుపు చుట్టలో పెట్టాం అంటే పరుపు చుట్ట మీద చెయ్యి వేసి తడిమి చూసుకుని అప్పుడు వెనక్కి తిరిగింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. బండి కదిలాక గుమ్మంలో దీపం పెట్టినచోటే చాలాసేపు ఉండడం మాత్రం కనిపించింది.

ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు మీద దాటాలి. ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను: రెండు పెద్ద నావలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు అవుతుంది. మనుషులు, సైకిళ్ళు, పాల క్యాన్లు, దూడలు, ఒక్కోసారి కార్లు కూడా దాని మీదే గౌతమి దాటేవి. వరద తగ్గినా సెప్టెంబరులో గోదావరి ఇంకా ఎర్రగానే ఉంటుంది. పంటును ముందు ఒడ్డు వెంట ఎదురు నడిపించి, తర్వాత ఏటవాలుగా వదులుతారు. ప్రవాహమే సగం దూరం తీసుకువెళుతుంది. తెల్లవారుతూ ఉంది. అవతలి ఒడ్డున కోటిపల్లి సోమేశ్వరుడి గుడి గోపురం కనిపించేసరికి పంటు మీద ఉన్నవాళ్ళందరూ దండం పెట్టుకున్నారు.

నాన్న పెట్టె మీద కూర్చోలేదు. ఆ పక్కనే నిలబడి ఒక చెయ్యి దాని మీద వేసి ఉంచారు. పాల క్యాన్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ పెట్టెనూ పరుపు చుట్టనూ కొబ్బరికాయల బస్తానూ నన్నూ మార్చి మార్చి చూసి, "అమ్మాయిని అత్తారింటికి దింపుతున్నారా బాబూ? సారె బాగానే పెట్టారు" అంది.

"కాదమ్మా. చదువుకి. వాల్తేరు యూనివర్సిటీలో పెద్ద చదువుకి" అన్నారు నాన్న.

నాన్న నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ మాట మాత్రం ఇంజను చప్పుడు దాటి పంటు అంతటికీ వినపడేలా అన్నారు. కొందరు తిరిగి చూశారు. ఆ పెద్దావిడ కాసేపు ఆలోచించి, నడుముకున్న సంచిలోంచి ఒక రూపాయి తీసి నా చేతిలో పెట్టి, "చదువుకి కూడా సారె పెట్టాలమ్మా" అంది. నేను తీసుకోనంటే నాన్న తీసుకోమని కనుసైగ చేశారు. ఆ రూపాయి మా ఇన్‌లాండు ఉత్తరాల కట్టలో దాచుకున్నాను. చాలాకాలం ఉంది.

ఇప్పుడు యానాం దగ్గర ఎదుర్లంక వంతెన ఉంది. 2002లో వచ్చింది. దాని మీద కారులో పోతూ ఉంటే గోదావరి నిమిషాల్లో అయిపోతుంది. మా రోజుల్లో గోదావరిని దాటడం అంటే సామానుతో సహా దానికి ఒక గంట అప్పగించడం.

కోటిపల్లి నుంచి ద్రాక్షారామం మీదుగా కాకినాడ బస్సు. కోటిపల్లికి పూర్వం కాకినాడ నుంచి రైలు ఉండేదని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేశారని నాన్న బస్సులో చెప్పారు. ఆ లైను మళ్ళీ 2004లో గాని రాలేదు. పెట్టె, పరుపు చుట్ట, బస్తా బస్సు మీదకు ఎక్కించారు. ఆవకాయ జాడీ మాత్రం ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. నాన్న వినలేదు, బరువు మోయలేవని పరుపు చుట్ట మధ్యలో ఇరికించారు. అమ్మ వాసెన గట్టిగానే కట్టింది. కానీ ఎండ పడి, బస్సు కుదుపులకు జాడీ ఒరిగింది. సామర్లకోట ప్లాట్‌ఫారం మీద దింపి చూసేసరికి బొంత ఒక మూల ఎర్రగా నానిపోయి ఉంది.

నాన్న ముఖం చూడలేకపోయాను. జేబురుమాలు తీసి తుడుస్తూ, "నీ ఒళ్ళో పెట్టనివ్వాల్సింది" అని ఒక్క మాట అన్నారు. అమ్మకు చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. ఆ మరక ఎన్ని సార్లు ఉతికినా పోలేదు, వాసనా పోలేదు. మొదటి నెల రాత్రులు దిగులేసినప్పుడు ఆ మూలను ముఖం దగ్గరకు లాక్కుని పడుకునేదాన్ని. ఆవగుండ, నూనె, మెంతుల వాసన. కళ్ళు మూసుకుంటే మా వంటిల్లే.

రైల్లో ఎడమవైపు కిటికీ దొరికింది. అన్నవరం వచ్చేసరికి కొండలు మొదలయ్యాయి. అంతవరకు నాకు ఎత్తు అంటే మా ఏటిగట్టే. సత్యదేవుడి కొండకు దండం పెట్టుకున్నాక కూడా కొండలు అయిపోలేదు. తుని, నర్సీపట్నం రోడ్డు, ఎలమంచిలి, అనకాపల్లి. రైలు పక్కనే నడుస్తున్నట్టు వచ్చాయి. దువ్వాడ దగ్గర ఉక్కు కర్మాగారం కడుతున్నారని ఎదుటి సీటాయన చూపించారు. దూరంగా క్రేనులు కనిపించాయి. నాన్న లేచి నిలబడి చూశారు.

ఆ రోజుల్లో స్టేషను పేరు కూడా వాల్తేరే. దిగేసరికి సాయంత్రం అయిదు. రెండు రిక్షాలు మాట్లాడారు. ఒక దాంట్లో పెట్టె, బస్తా, నాన్న. ఇంకో దాంట్లో పరుపు చుట్ట, బకెట్టు, నేను. ఆశీల్‌మెట్ట దాటాక రోడ్డు లేచింది. రిక్షా లాగే మనిషి దిగి, హ్యాండిలు పట్టుకుని ముందుకు వంగి నడవడం మొదలుపెట్టాడు. చదునైన నేలలో పుట్టిన నాకు రిక్షా మనిషి దిగి నడవడం వింతగా అనిపించింది. తిరిగి చూస్తే వెనక రిక్షాలో నాన్న లేరు. ఆయనా దిగి, చొక్కా చేతులు మడిచి, వెనక నుంచి పెట్టెను నెడుతున్నారు. నేనూ దిగాను. అలా నలుగురం ఆ ఎత్తంతా ఎక్కాం. ఎత్తు చివర ఒక్కసారిగా గాలి తగిలింది. తడిగా, ఉప్పగా. నాన్న ఆగి, గాలి పీల్చి, "మీ అమ్మ చెప్పింది నిజమే, గాలి జోరుగానే ఉంది" అన్నారు.

హాస్టలు గేటు లోపల సందర్శకుల గది ఉంది. మగవాళ్ళు అక్కడి వరకే. నాన్నకు ఆ సంగతి తెలియదు. నాకూ తెలియదు. పెట్టె ఒక పక్క చెవి నాన్న, ఒక పక్క నేను పట్టుకుని వరండా ఎక్కబోతుంటే మేట్రన్‌గారు వచ్చి మర్యాదగానే చెప్పారు. నాన్న వెంటనే పెట్టె దించేశారు. దించి, చెప్పులు విప్పి, సందర్శకుల గది గోడ వారగా నిలబడ్డారు, ఏదో గుడి దగ్గర నిలబడినట్టు.

మెట్ల మీద నుంచి ఇద్దరు సీనియర్లు దిగి వచ్చారు. ఒక అక్కది శ్రీకాకుళం, ఇంకొకరిది నెల్లూరు. ఏమీ అడగకుండానే పెట్టె చెవులు పట్టుకున్నారు. గది రెండో అంతస్తులో. మధ్యలో రెండుసార్లు దించి, చేతులు మార్చుకుని ఎక్కించాం. శ్రీకాకుళం అక్క ఆయాసపడుతూ, "ఏం పెట్టారమ్మా ఇందులో?" అంది. "మా ఇంట్లో ఉన్నదంతా" అన్నాను.

పెట్టె పెట్టి, పరుపు చుట్ట కోసం కిందికి వచ్చాను. నాన్న అక్కడే, అలాగే ఉన్నారు.

"కిటికీ ఉందా?"

"ఉంది నాన్నా."

"ఎటు వైపు?"

చూసుకోలేదు. పరుపు చుట్ట పైన పెట్టి చూసి వచ్చాను. "తూర్పు."

"మంచం దూలం కింద రాలేదు కదా?"

మళ్ళీ పైకి. దూలం లేదు, స్లాబు. మళ్ళీ కిందికి. "తల దక్షిణం వైపు పెట్టుకోవడానికి వీలుందా? ఫ్యాను ఉందా? ఎవరి మంచం మీద? తలుపుకు లోపలి గడియ ఉందా, గట్టిగా పడుతుందా?" బకెట్టు తీసుకువెళుతూ ఒకటి, కొబ్బరికాయలు తీసుకువెళుతూ ఒకటి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు తెచ్చి ఇచ్చాను. చివరికి ఆయన జేబులోంచి అడ్మిషను ఉత్తరం వచ్చిన కవరు తీసి, దాని వెనక పెన్సిలుతో ఒక చతురస్రం గీశారు. పొలం కమతం గీసినట్టే. తూర్పు రాశారు, పడమర రాశారు. "తలుపు ఎక్కడ, చూపించు." వేలితో చూపించాను. గీశారు. కిటికీ, మూడు మంచాలు, మూడు బల్లలు, గోడ అలమార. కిటికీ పక్క మంచం మీద నా పేరు మొదటి అక్షరం రాశారు. పెట్టె ఎక్కడ పెట్టానో అడిగి, మంచం కింద ఒక చిన్న గడి గీశారు.

"మీ అమ్మ అడుగుతుంది కదా. చూడలేదని చెప్పలేను" అన్నారు.

మేము అలా గీసుకుంటుండగా పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన మాట కలిపారు. మనవరాలిని దింపడానికి వచ్చారట, ఆయనా ఒకప్పుడు అక్కడి విద్యార్థే. "మీ అమ్మాయే కాదండీ, ఈ యూనివర్సిటీ కూడా సామాను మోసుకుంటూ తిరిగినదే" అన్నారు. 1926లో బెజవాడలో మొదలైందని, 1930లో వాల్తేరు వచ్చిందని, 1942 ఏప్రిల్‌లో జపాను వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశాక భవనాలు మిలటరీకి వెళ్ళి గుంటూరుకు తరలిపోయిందని, యుద్ధం అయిపోయాక తిరిగి వచ్చిందని చెప్పారు. రెండు తరలింపుల్లోనూ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారే. మధ్యలో అయిదేళ్ళు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. "పుస్తకాలు, గాజుసామాను, కుర్చీలు, అన్నీ మోయించుకుని పోవడం, మళ్ళీ మోయించుకుని రావడం" అన్నారాయన. నాన్న ఎంత శ్రద్ధగా విన్నారో చెప్పలేను. ఆ సంగతి ఆ తర్వాత మా ఊళ్ళో ఆయన చెప్పని మనిషి లేడు.

రాత్రి రైలుకు వెళ్ళిపోయారు. పరుపు చుట్టకు కట్టిన గోనె గుడ్డ, బస్తా మాత్రం మడిచి చంకలో పెట్టుకున్నారు, పొలంలో పనికి వస్తాయని. గేటు దాటాక మేడ వైపు తిరిగి, కిటికీలు లెక్క పెడుతున్నట్టు చూశారు. నా కిటికీ అటు వైపు లేదు.

వారం తిరగకుండా అమ్మ ఉత్తరం వచ్చింది. "నీ మంచం కిటికీ పక్కనే వేశారని నాన్న గీసి చూపించారు. ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టాను. రాత్రి కిటికీ మూసుకుని పడుకో. పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టు, ఉప్పుగాలికి ఇనుము తింటుంది." ఇటుకలు పెట్టడం ఆలస్యం చేశాను. దీపావళి నాటికి పెట్టె అడుగు అంచున తుప్పు మొదలైంది. కొబ్బరినూనె రాశాను.

ఇంకెవరి ఊహ ఎలా తేలిందో చెప్పాలి. పది కొబ్బరికాయలు మూడు రోజుల్లో అయిపోయాయి, మా వరండా అంతా పచ్చడి చేసుకున్నాం. కొవ్వొత్తులు కరెంటు పోయిన పరీక్షల రాత్రుల్లో నాలుగు గదులకు వెలుగిచ్చాయి. అమ్మ పట్టుచీర ఏ సభకూ కట్టుకోలేదు. మామ్మ చేంతాడు చూసి మొదట అందరూ ఆశ్చర్యపోయారు. హాస్టల్లో బావి లేదు. అయితే డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి సరైన తాడు కూడా లేదు. శ్రీకాకుళం అక్క దాన్ని ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకు, మళ్ళీ వెనక్కి, మూడు వరుసలుగా కట్టింది. పన్నెండు బారలూ చెల్లిపోయింది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంటే రంగురంగుల వోణీలు, లంగాలు దాని మీద ఎగిరేవి. ఆ మాట రాస్తే మామ్మ తమ్ముడి చేత జవాబు రాయించింది: "బట్టలు తడి బరువు. ముడి దగ్గర నెలకొకసారి చూసుకో."

మరుసటి ఏడు, 1986 ఆగస్టు.

రేడియోలో ప్రాంతీయ వార్తలు పెట్టుకుని మెస్సులో అందరం నిలబడి విన్నాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమలో ఏటిగట్లు తెగాయి. లంకల్లోకి నీరు. ఊళ్ళ పేర్లు చదువుతుంటే మా ఊరి పేరు వస్తుందేమోనని ఒక భయం, రాకపోతే ఏమైందో తెలియదని ఇంకో భయం. మా ఊళ్ళో ఫోను లేదు. అయిదో రోజు టెలిగ్రాం వచ్చింది, అందరూ క్షేమం అని. రెండు మాటలే. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను.

నెలాఖరుకు నాన్న వచ్చారు. సందర్శకుల గదిలో గోడ వారగా, చెప్పులు విప్పి, అదే చోట. ఆయన ఒంటి మీద చొక్కా ఆయనది కాదు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నీరు రాత్రి పూట వచ్చింది. మామ్మను నావలో ఏటిగట్టు మీదకు చేర్చారు. తొమ్మిది రోజులు గట్టు మీదే. మట్టిగోడలు రెండు కూలిపోయాయి. భోషాణం తేలి, తలకిందులై, చీరలన్నీ ఒండ్రు పట్టి మళ్ళీ కట్టుకోవడానికి పనికి రాకుండా పోయాయి. ధాన్యం మొలకెత్తింది. పశువుల తాళ్ళు ముందే కోసేశారు, బతికాయి. "కొబ్బరిచెట్లు ఉన్నాయి. అవి నిలబడ్డాయి" అన్నారు. అది రెండుసార్లు అన్నారు.

"నీ దగ్గర మామ్మ తాడు ఉందా?" అని అడిగారు తర్వాత. "బావిలో అంతా బురదనీరే. తోడి పోసి బ్లీచింగు వేయాలి. ఊళ్ళో గట్టి తాడు ఒక్కటీ మిగల్లేదు. మీ మామ్మకు గుర్తొచ్చింది."

డాబా మీదకు పరిగెత్తాను. తాడు నిండా బట్టలున్నాయి. చెప్పిన వెంటనే అమ్మాయిలు తడి బట్టలు చేతుల మీద వేసుకుని నిలబడ్డారు, నేను ముడులు విప్పుతుంటే. ఎండకూ ఉప్పుగాలికీ పీచు గట్టిపడింది గాని పురి చెదరలేదు.

ఇక పెట్టె ఖాళీగా ఉంచడం నాకు ఇష్టం లేకపోయింది. నా దుప్పట్లు రెండు, రగ్గు, బొంత, స్టీలు క్యారియరు, పళ్ళెం, గ్లాసులు, టార్చిలైటు, ఇత్తడి తాళం సర్దాను. నేను సర్దుతున్న సంగతి వరండాకు తెలిసింది. ఒకరు చీర, ఒకరు తువ్వాళ్ళు, ఒకరు తమ ఇంటి నుంచి వచ్చిన పప్పు పొడి డబ్బా మూత తీయకుండానే తెచ్చి ఇచ్చారు. అడుగున వార్తాపత్రిక కింద అమ్మ పట్టుచీర అలాగే ఉంది, మడత నలగకుండా. సారె చీరల్లో అదొక్కటే మిగిలిందని అప్పుడు తెలిసింది. పెట్టె రెండో అంతస్తు నుంచి కిందికి దించడానికి నలుగురు వచ్చారు. ఈసారి దింపడం సులువుగా ఉండాలి గాని లేదు, ఎక్కించినప్పటి కంటే బరువుగా ఉంది.

సందర్శకుల గదిలో నాన్న పెట్టె మూత ఎత్తి చూశారు. ఒక్కొక్కటీ చేత్తో తడిమారు. బొంత మూల మీద ఆవకాయ మరక చూసి చెయ్యి అక్కడ ఆపారు. మూత వేసి, చేంతాడు తీసుకుని, పెట్టెకు అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా రెండు చుట్లు వేసి, మిగిలినది చుట్టగా చుట్టి భుజానికి తగిలించుకున్నారు.

రిక్షా గేటు దగ్గరకు వచ్చింది. ఆయన కదల్లేదు.

"ఆ కాగితం పోయింది" అన్నారు.

"ఏ కాగితం నాన్నా?"

"దేవుడి గూట్లో పెట్టింది. నీ గది గీసినది. పటాలు పోయినందుకు కూడా మీ అమ్మ అంత బాధపడలేదు. వస్తూ ఉంటే మరీ మరీ చెప్పింది."

వేసవి తర్వాత గదులు మారాయని, ఇప్పుడు వేరే వైపు ఉంటున్నానని చెప్పాను.

నాన్న ఆ బిగుతు చొక్కా జేబులోంచి టికెట్టు, చిన్న పెన్సిలు ముక్క తీశారు. పెట్టె మీద కాగితం పరిచి, తాడు పక్కకు జరిపి, ముందు చతురస్రం గీశారు.

"కిటికీ ఎటు వైపు?" అన్నారు.